చెరసాలకు వారసులెవరు?

పాత కట్టడం ఒకటి జాతి చేతికి దక్కినప్పుడు దానిని ఏమి చేయవలెనన్న ప్రశ్నకు మూడు విధాల సమాధానాలు వినబడుతూ ఉంటాయి. పడగొట్టి ఆ చోట పనికివచ్చేదేదైనా కట్టుకొమ్మనేవారు కొందరు. కడిగి, సున్నం కొట్టి, పూలదండ వేసి కొలుచుకొమ్మనేవారు కొందరు. దాని మానాన దానిని విడిచిపెట్టేవారు మరికొందరు. మొదటివారు తమది కార్యవాదమంటారు. రెండవవారు తమది దేశభక్తి అంటారు. మూడవవారు ఏమీ అనరు. అనవలసిన అవసరం వారికి లేదు, ఎండా వానా వేళ్లూ వారి తరఫున పనిచేస్తూనే ఉంటాయి. అండమాన్ దీవులలో ఈ మూడు పక్షాలకూ నిదర్శనాలున్నాయి. మూడింటినీ ఒక్కచోట పెట్టి చూచినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది: పైకి ఎంత విరోధం ఉన్నా, ఈ మూడు పక్షాలవారిదీ ఒకే నమ్మకం. కట్టడానికి ఒకే జన్మ ఉన్నదని, ఆ ఒక్క జన్మను ఉంచుకోవటమో తుంచివేయటమో తప్ప వేరు దారి లేదని వారు నమ్ముతారు. ఆ నమ్మకం నిజం కాదని చెప్పటానికి సెల్యులర్ జైలు కంటె మంచి సాక్ష్యం లేదు.

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో ప్రభుత్వం శ్రీవిజయపురమని పేరు పెట్టినది. ఆ పట్టణంలో సముద్రం మీదికి తొంగిచూస్తున్న మిట్టపై ఈ జైలు ఉన్నది. దీని పుట్టుక కథే విచిత్రమైనది. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో, డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలను వెంటబెట్టుకొని వచ్చి ఇక్కడ శిక్షావాసాన్ని నెలకొల్పాడు. ముప్పదేండ్లు గడిచాయి. 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు వచ్చి పరిశీలించి, ద్వీపాంతరవాసం తగినంత భయంకరంగా లేదని తేల్చారు. స్వదేశపు జైలుకంటె అండమానే మేలని ఖైదీలు అనుకొంటున్నారట! శిక్షకు పోయిన భయాన్ని తిరిగి తెచ్చిపెట్టవలెనన్న వారి సిఫారసు నుండి ఈ భవనం పుట్టినది. 1896లో పని మొదలై 1906కు ముగిసినది. కట్టినవారు ఖైదీలే. తమను బంధించబోయే గోడలను తామే పేర్చుకొన్నారు.

మధ్యన ఒక గోపురం. దానినుండి బండిచక్రానికి ఆకుల వలె ఏడు బారులు. ఒక్కొక్కటి మూడంతస్తులు. అన్నీ కలిపి దాదాపు 700 గదులు. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. పైన, చేతికందని ఎత్తున, ఒక చిన్న గవాక్షం. ఒక బారు ముఖం పక్క బారు వీపును చూచేటట్లు కట్టారు గనుక, ఊచలలోనుండి చూచే మనిషికి ఎదుట ఎప్పుడూ గోడయే తప్ప మరొక మనిషి ముఖం కనబడదు. సముద్రపు హోరు వినబడుతుంది. ఆ సముద్రం ఎటువైపున్నదో తెలియదు. ప్రతి భవనానికీ ఒక అభిప్రాయం ఉంటుంది. దేవాలయం అభిప్రాయం ఒకటి, సత్రం అభిప్రాయం మరొకటి. మనిషిని మనిషికి కాకుండా చేయవచ్చునన్నది ఈ భవనం అభిప్రాయం.

ఎవరి కొరకు కట్టారు దీనిని? దేశభక్తుల కొరకని అందరూ అంటారు; అది పొరపాటు. 1901 నాటికి అండమానులో సుమారు 12,000 మంది ఖైదీలున్నారు. వారిలో అత్యధికులు హత్య, బందిపోటుతనం వంటి నేరాలకు శిక్షపడినవారు. క్రొత్తగా ఓడ దిగిన ఖైదీని మొదటి ఆరు నెలలు ఒంటరిగా మూసిపెట్టి, మనసు విరిచి, ఆ తరువాత బయటి పనులలోకి పంపటం ఈ జైలు ఉద్దేశం. అలీపూర్ కుట్ర కేసులో శిక్షపడిన బారీంద్రకుమార్ ఘోష్, హేమచంద్రదాస్, ఉల్లాస్‌కర్ దత్తు వంటివారు వచ్చింది ఆ తరువాతనే. వినాయక్ దామోదర్ సావర్కర్ 1911లో అడుగుపెట్టాడు. అప్పటినుండి ఈ జైలు మరొక పనికి ఉపయోగపడసాగినది. అనగా, నేడు ఏ అర్థం కొరకు జాతి ఈ గోడలకు మ్రొక్కుతున్నదో, ఆ అర్థమే ఈ భవనానికి పుట్టుకతో వచ్చినది కాదు. నడుమ వచ్చి చేరినది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే చాలు, ఉపయోగం మార్చటమే అపచారమనే వాదం సగం కూలిపోతుంది.

మిగిలిన సగాన్ని చరిత్ర స్వయంగా కూల్చివేసినది. 1921 ప్రాంతంలో రాజకీయ ఖైదీలను తిరిగి పంపివేశారు. 1932లో, బెంగాలు విప్లవకారులు మొదలైనవారి కొరకు, జైలును మరల రాజకీయ చెరగా మార్చారు. 1933 మే నెల నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు విడిచారు. 1937లో మరొక దీక్ష దేశమంతటినీ కదిలించగా, 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ దాటించారు. 1941 జూన్‌లో వచ్చిన భూకంపం దీవులను వణికించినది. 1942 మార్చి 23న జపాను సేనలు దిగాయి. వారి ఏలుబడిలో ఏడు బారులలో రెండు నేలకూలాయి, మిగిలినవి వారి చెర అయినవి. 1945 అక్టోబరులో వారు పోయారు. స్వతంత్ర భారతంలో మరి రెండు బారులు కూలాయి. 1963లో ఆ ఆవరణలోనే, కేంద్ర హోంమంత్రిగా పనిచేసిన గోవిందవల్లభ పంత్ పేర, ఆసుపత్రి వెలిసినది. మిగిలిన మూడు బారులనూ గోపురాన్నీ 1979 ఫిబ్రవరి 11న ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి జాతీయ స్మారకంగా అంకితం చేశారు. నూరేండ్లు నిండకముందే ఇన్ని అవతారాలెత్తిన ఇంటికి ఒక్క అవతారమే నిజమనటం ఎట్లా చెల్లుతుంది?

కార్యవాదుల వాదాన్ని ముందుగా విచారించాలి. ఏలనగా అందులో నిజం లేకపోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో దీవుల పరిస్థితి దయనీయం. మూడున్నరేండ్ల యుద్ధపు ఏలుబడి జనాన్ని ఆకలికీ హింసకూ బలిపెట్టి వెళ్లినది. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థి కుటుంబాలు ఓడలలో వచ్చి అడవి కొట్టుకొని నిలదొక్కుకొంటున్నాయి. ఇట్టి చోట రోగికి మంచం కావలె, బాలింతకు గది కావలె, వైద్యుడికి నీడ కావలె. ఖాళీ చెరసాల ఒకటి కొండమీద నిలబడి ఉండగా, దానిని చూచి కన్నీరు కార్చండి, వైద్యానికి మాత్రం కలకత్తా పోండి అని ఎవరనగలరు? కాబట్టి ఆసుపత్రి కట్టినందుకు నింద లేదు. నింద ఉన్నది కూల్చినందుకు. అవసరం తీర్చటానికి నేల కావలసి వచ్చినదన్నది వాస్తవం. ఆ నేల చెరసాల గోడల క్రిందనే ఉన్నదనుకోవటం తొందరపాటు. ఇటుకలు పగులగొట్టేవాడు పాత పగను తీర్చుకొంటున్నానని అనుకొని ఉండవచ్చు. కాని పగ తీర్చుకొన్నది బ్రిటిషువారి మీద కాదు. రేపటి మనుమడి మీద. తన తాతను ఏ గదిలో బంధించారో చూడగోరే మనుమడికి ఆ గది లేకుండా పోయినది.

ఆ కూల్చివేతను ఆపినవారెవరో తెలుసుకొంటే కార్యవాదులకు తల వంగక తప్పదు. దానికి అడ్డుపడినవారు పురాతత్త్వ పండితులు కారు, యాత్రికులు కారు. ఆ గదులలో కాలం గడిపిన మాజీ ఖైదీలు. ఎవరికి ఆ గోడలను ద్వేషించే అధికారం అందరికంటె ఎక్కువో, వారే ఆ గోడలను ఉంచుమన్నారు. చెరనుండి బయటపడినవాడు చెరసాల కూలితే సంతోషిస్తాడనుకోవటం చెర అనుభవించనివారి ఊహ. అనుభవించినవాడికి తెలుసు, తన మాటకు ఆ గోడయే సాక్షి అని. సాక్షిని చంపితే సుఖపడేది నేరస్థుడే.

ఇక రెండవ పక్షం. ఇది స్మారకం, పవిత్రస్థలం. ఇక్కడ రోగులేమిటి, మందుల వాసనేమిటి అనే మాట ఈ పక్షపు ముఖ్యవాదం. వినటానికి ఇది భక్తి వలె ఉంటుంది. విచారిస్తే భక్తి కాదు, మడి. మనిషిని మనిషికి కాకుండా చేయటానికి ఎత్తిన గోడల నీడన, ఏ జాతివాడో ఏ భాషవాడో అడగకుండా ఒకరి నాడిని ఒకరు పట్టుకొని చూచే చోటు ఏర్పడటం కంటె ఈ భవనపు అభిప్రాయానికి సరియైన జవాబు మరొకటి ఉన్నదా? పూలదండ ఆ అభిప్రాయాన్ని ఖండించదు; వైద్యుడి చేయి ఖండిస్తుంది. నూనెగానుగకు మనిషిని కట్టి త్రిప్పిన ఆవరణలో మనిషికి మందు ఇవ్వటం ఆ గానుగ తిరిగినవారికి చేసిన తర్పణాలలో ఒకటి. ఆసుపత్రికి పక్కన స్మారకం ఉండటం వలన ఏది మైలపడినదో ఆ మడి కట్టుకొన్నవారే చెప్పవలె.

స్మారకవాదులపై ఉన్న పెద్ద ఆక్షేపణ ఇది కాదు. వారు భవనాన్ని కాపాడారు. అందుకు జాతి వారికి ఋణపడి ఉన్నది. కాని కాపాడిన భవనంలో ఎవరిని ఉండనిచ్చారు? ఎవరిని బయటికి పంపారు? సాయంకాలం అక్కడ జరిగే ధ్వనిచ్ఛాయా ప్రదర్శనలో ఒక రావిచెట్టు నోట కథ చెప్పిస్తారు. చెట్టుకు పక్షపాతం ఉండదు. చెట్టుకు మాటలు వ్రాసి ఇచ్చే మనిషికి ఉంటుంది. అక్కడి జ్ఞాపకంలో పైకి తేలివచ్చేది కొద్దిమంది పేర్లే. వారు గొప్పవారు కారని కాదు. వారి పేర్లే ఎందుకు తేలాయన్నది ప్రశ్న.

సాహిత్యం చదివేవారికి ఇందుకు కారణం వెంటనే తట్టుతుంది: వారు వ్రాశారు. బారీంద్రుడు వ్రాశాడు. ఉపేంద్రనాథ బందోపాధ్యాయుడు వంగభాషలో తన నిర్వాసనగాథ వ్రాశాడు. నవ్వుతూ నరకాన్ని చెప్పిన ఆ పుస్తకానికి ఆ భాషలో గొప్ప స్థానం ఉన్నది. సావర్కర్ మరాఠీలో వ్రాశాడు. వారికంటె ఎంతో ముందు, ఈ జైలు కట్టకముందే, ఫజలేహక్ ఖైరాబాదీ ఇక్కడి శిక్షావాసంలో ఉండి అరబ్బీలో తిరుగుబాటు కథ వ్రాసి, 1861లో ఇక్కడనే మరణించాడు. జాఫర్ థానేసరీ విడుదలై వెళ్లి ఉర్దూలో తన గాథ చెప్పుకొన్నాడు. భారతీయ సాహిత్యంలో చెరసాల సాహిత్యమనే శాఖ ఒకటి ఉంటే, దాని వేళ్లు ఎక్కువగా ఈ దీవుల మట్టిలో ఉన్నాయి. అందుకు గర్వించవలసినదే. కాని చదువు వచ్చినవాడి చెర గ్రంథమవుతుంది, చదువు రానివాడి చెర దస్తరంలో ఒక అంకె అవుతుంది. గ్రంథాన్ని చూచి స్మారకం కట్టినవారు అంకెను మరచారు. సాహిత్యం చేసిన ఎంపికనే రాతిలో చెక్కి, అదే చరిత్ర అన్నారు.

తెలుగువారికి ఈ సంగతి మరింత దగ్గరిది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యంలో జరిగిన పోరాటాన్ని తెలుగుదేశంలో ఎరుగని పసివాడు లేడు. 1924 మే 7న ఆయన బలి అయిన ఘట్టం పాటలలో, బుర్రకథలలో, నాటకాలలో, తెరమీద ఎన్నోమార్లు వెలిసినది. ఆయన వెంట నడిచి, పట్టుబడి, సముద్రం దాటించబడిన కొండవాళ్ల మాట ఏమిటి? గంటందొర తమ్ముడైన గాం మల్లుదొర మరణశిక్ష తప్పి ద్వీపాంతరవాసానికి వెళ్లి, తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్టణం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అండమాను చెరనుండి ఢిల్లీ శాసనసభకు సాగిన ఆ ప్రయాణం ఏ దేశంలోనైనా ఒక మహాకావ్యానికి వస్తువు కాదగినది. తెలుగులో దానికి దక్కిన చోటు ఎంత? 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడి అండమాను చూచిన ప్రతివాది భయంకరాచారి చదువుకొన్నవాడు గనుక పుస్తకంలోనైనా మిగిలాడు. మల్లుదొర వెంట వెళ్లిన కొండవాళ్లకు ఆ భాగ్యమూ లేదు. అడవి తప్ప సముద్రం ఎరుగనివాడు, ఊచల వెనుక కూర్చుండి, తన భాష తెలియని కావలివాడి ముందు, ఎదుటి గోడను చూస్తూ ఏమి తలపోశాడో ఏ గ్రంథంలోనూ లేదు. గోడ మీద పేరు చెక్కినంత మాత్రాన ఆ లోటు తీరదు. అసలు చెక్కటం దానికి మొదటి మెట్టు మాత్రమే.

దీవులలో తెలుగువారు చుట్టపుచూపుగా వచ్చినవారు కారు. 2011 జనగణన ప్రకారం అక్కడి ప్రతి నూరుమందిలో సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుండి వలలతో, పారలతో వెళ్లినవారి బిడ్డలు అక్కడ బడులకు పోతున్నారు. వారికి ఆ జైలు పరాయి వీరుల గుడి వలె కనబడటానికి కారణం వారి అజ్ఞానం కాదు. వారి మన్యపువారు కూడ ఆ చెరలోనే ఉన్నారని గట్టిగా చెప్పేవారు లేకపోవటం.

స్మారకం మింగలేకపోయిన మరొక సంవత్సరాల వరుస ఉన్నది: 1942 నుండి 1945. ఇక్కడ చరిత్ర రెండు తేదీలను పక్కపక్కన పెట్టి జాతిని పరీక్షిస్తున్నది. 1943 డిసెంబరు 30న సుభాష్‌చంద్ర బోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో త్రివర్ణపతాకం ఎగురవేశారు. సరిగా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద 44 మంది భారతీయులను జపాను సైనికులు గూఢచారులన్న నెపంతో కాల్చి చంపారు. పంజాబీ కవి, వైద్యుడు, దీవులలో భారత స్వాతంత్ర్య సంఘానికి నాయకుడు అయిన దివాన్‌సింగ్ కాలేపానీ 1943 అక్టోబరులో నిర్బంధింపబడి, ఈ సెల్యులర్ జైలులోనే చిత్రహింసలు అనుభవించి, 1944 జనవరి 14న మరణించాడు. పతాకం ఎగిరిన నాడు ఆయన ఆ గోడల లోపలనే ఉన్నాడు. లోపలివారి ఆర్తనాదం బయటి అతిథికి వినబడకుండా జపానువారు జాగ్రత్తపడ్డారని చరిత్రకారులు అంటారు. పతాకోత్సవానికి ఘనంగా జ్ఞాపకచిహ్నాలున్నాయి, ఉండవలసినదే. కాని ఆ పతాకానికీ ఆ శవాలకూ నడుమ నెలరోజుల దూరమే ఉన్నదని చెప్పటానికి నోరు రాని స్మారకం తన పనిలో సగమే చేస్తున్నది. బ్రిటిషువాడు కట్టిన గదిలో బ్రిటిషువాడే హింసించాడంటే కథ సుఖంగా నడుస్తుంది. ఆసియా విముక్తి పేర వచ్చినవాడు అదే గదిలో అదే పని చేశాడంటే కథ తడబడుతుంది. తడబడనీ! గది ఎవరి చేతికి వచ్చినా గదిగానే పనిచేస్తుందన్న సత్యం ఆ తడబాటులోనే ఉన్నది. రేపు ఏ ప్రభుత్వమైనా అటువంటి గది కట్టబోయినప్పుడు జాతిని మేల్కొలిపేది ఆ సత్యమే తప్ప వీరపూజ కాదు.

మూడవ పక్షం ఫలితం చూడగోరేవారు జైలు మిట్టమీద నిలబడి ఎదుటనున్న చిన్న దీవిని చూస్తే చాలు. 2018 వరకు రాస్ ద్వీపమని, అప్పటినుండి నేతాజీ సుభాష్‌చంద్ర బోస్ ద్వీపమని పిలువబడుతున్న ఆ చోటు ఒకప్పుడు దీవులకు రాజధాని. చీఫ్ కమిషనర్ మేడ, చర్చి, దొరల నాట్యశాల అన్నీ అక్కడనే ఉండేవి. అవన్నీ ఖైదీల చెమటతో లేచినవే. భూకంపం, యుద్ధం దానిని ఖాళీ చేయగా, మర్రిజాతి వేళ్లు గోడలను కౌగిలించి నేడు కప్పులేని మేడలను అవే నిలబెడుతున్నాయి. యాత్రికులకు అది రమణీయం. జింకలు తిరుగుతాయి, ఛాయాచిత్రాలు బాగా వస్తాయి. ఇంతకంటె ప్రమాదకరమైన స్మారకం లేదు. ఏలనగా అది దొరతనాన్ని ఒక అందమైన విషాదంగా మార్చివేసినది. అక్కడ నిలబడినవాడికి కలిగేది గతించిన వైభవం మీద జాలి. ఆ మేడకు రాళ్లు మోసిన సంకెళ్ల కాలు అతని తలపుకు రాదు. రేవులోనే మరొక ప్రక్కన ఉన్న వైపర్ ద్వీపం, వైస్రాయి మేయోను 1872 ఫిబ్రవరిలో పొడిచి చంపిన షేర్ ఆలీని ఉరితీసిన చోటు, సెల్యులర్ జైలుకు పెద్దక్క. చాలమందికి అది పడవ ఆగే ఒక మజిలీ మాత్రమే. తీరం వెంట జపానువారు కట్టించిన కాంక్రీటు గుహలు ఉన్నాయి. ఫిరంగి కొరకు విడిచిన కంతలోనుండి నేడు పిల్లలు సముద్రం చూస్తారు. పిల్లలు ఆడుకోవటంలో దోషం లేదు. ఫిరంగికంటె వారి చూపు వేయిరెట్లు మేలు. ఆ గుహను కట్టటానికి ఎవరి చేత వెట్టిచాకిరి చేయించారో ఆ పిల్లలకు చెప్పేవారు లేకపోవటం దోషం.

వీటన్నిటికీ మొదట ఈ నేల ఎవరిదన్న ప్రశ్న ఉన్నది. 1859 మేలో విల్లంబులు పట్టుకొని అబర్డీన్ వద్ద తుపాకుల మీదికి నడచిన అండమానీయులది. శిక్షావాసం వచ్చిన నాటికి వేలలో ఉన్న ఆ గ్రేట్ అండమానీ జనం 1961 జనగణన నాటికి 19 మందికి దిగిపోయారు. చంపినవి తుపాకులకంటె ఎక్కువగా వలసతో వచ్చిన వ్యాధులు. స్వాతంత్ర్యవీరుల తీర్థమని జాతి పిలిచే చోటు ఆ జనానికి శ్మశానం. దీనిని తలచుకొన్నంత మాత్రాన వీరుల కీర్తి తరిగిపోదు. తలచుకోకపోతే మాత్రం స్వాతంత్ర్యమన్న మాటకే అర్థం తరుగుతుంది.

ఇన్ని పేర్లు, ఇన్ని శోకాలు పెడితే స్మారకం సంతగా మారుతుందని, హంతకుడూ దేశభక్తుడూ ఒకే వరుసలో నిలబడతారని ఒక ఆక్షేపణ రావచ్చు. జ్ఞాపకం యోగ్యతాపత్రం కాదు. దొంగతనం చేసినవాడిని దేశభక్తుడనుమని ఎవరూ కోరటం లేదు. వాడిని కూడ ఆరు నెలలు మనిషి ముఖం చూడనీయకుండా మూసిపెట్టటం అన్యాయమేనా కాదా అన్నది ప్రశ్న. అది అన్యాయమైతే, దేశభక్తుడికి జరిగిన అన్యాయం అందులో భాగం. అది న్యాయమైతే, దేశభక్తుడి విషయంలో బ్రిటిషువారు చేసిన తప్పు మనిషిని ఎంచుకోవటంలో పొరపాటే తప్ప శిక్షలో పొరపాటు కాదని ఒప్పుకోవలసి వస్తుంది. మహావీర్ సింగ్ వంటివారు ముక్కులోకి గొట్టం దూర్చినా లొంగక చనిపోయింది ఇంత చిన్న తర్కం కొరకు కాదు. వారి దీక్ష ఖైదీని మనిషిగా చూడుమన్న కోరిక. ఆ కోరికను మిగిలిన ఖైదీలకు నిరాకరించి వారికి విగ్రహం పెట్టటం, విగ్రహానికి వీపు త్రిప్పటమే.

పేర్లు మార్చటం ఇటీవలి పరిష్కారం. 2018లో మూడు దీవులకు, 2024లో పట్టణానికి క్రొత్త పేర్లు వచ్చాయి. దొర పేరు పోవటం తప్పని ఎవరూ అనరు. కాని పేరు మార్చటం అన్నిటికంటె చవకైన మరామతు. ఒక ఉత్తరువుతో పలక మారుతుంది. గదిలో ఎవరున్నారన్న ప్రశ్న మారదు. పలకమీద అక్షరాలు మార్చిన ఉత్సాహంలో నాలుగవ వంతైనా దస్తరాలు విప్పి పేరులేనివారికి పేర్లు వెదకటంలో చూపితే, జాతికి ఋణం కొంత తీరుతుంది.

కట్టడాల ఉపయోగం మారుతుంది, మారక తప్పదు. ఆ మార్పుకు ధర్మం ఒకటి ఉండాలి. క్రొత్త ఉపయోగం పాతదాని గుర్తును తుడిచివేయకూడదు. పాతవాటిలో తనకు నచ్చినదానినే ఉంచుకొని నచ్చనివాటిని దాచకూడదు. ఆ గోడ ఎవరి మీద నిలబడి ఉండెనో వారికి ఏదో ఒక మేలు చేయాలి. ఈ మూడు తూకాలలోనూ ఆసుపత్రి మూడవదానిలో నెగ్గినది, మొదటిదానిలో ఓడినది. స్మారకం మొదటిదానిలో నెగ్గినది, రెండవదానిలో ఓడినది. రాస్ ద్వీపపు శిథిలాలు మూడింటిలోనూ ఓడాయి. కావలసినది మిగిలిన మూడు బారులలో ఒక్కటైనా పేరులేనివారికి విడిచిపెట్టటం: గోడలు కట్టిన ఖైదీలకు, మన్యపు కొండవాళ్లకు, 1921 తిరుగుబాటు తరువాత వచ్చి ఈ దీవులలో తమ ఊళ్ల పేర్లతోనే ఊళ్లు వెలయించిన మాప్పిళాలకు, 1944 జనవరిలో నేలకొరిగినవారికి, విల్లు పట్టినవారికి. అక్కడ విగ్రహం అక్కరలేదు. దస్తరంలో దొరికిన పేరు, వచ్చిన ఊరు, మాట్లాడిన భాష, ఓడ దిగిన సంవత్సరం వ్రాసి ఉంచితే చాలు. పేరు దొరకనిచోట గది ఖాళీగా ఉండనీ. ఆ ఖాళీ కూడ ఒక వాక్యమే.

మనిషికి మనిషి కనబడకూడదని కట్టిన ఇల్లు అది. మూడు బారులు మిగిలినా, వాటిలో కొందరే కనబడి తక్కినవారు కనబడకపోయినంత కాలం, లయల్, లెత్‌బ్రిడ్జ్‌ల సిఫారసు ఇంకా అమలులో ఉన్నట్లే లెక్క.